మిరప కల్లం, ఆపిల్ తోట, ఒక తస్వీర్



మా నానీమా మిరపకోతకు వెళ్ళొచ్చిన రోజు మగ్రిబ్‌కు వుజూ చేసుకోవడమే పెద్ద పరీక్ష. ఎంత కడిగినా చేతుల ఘాటు పోయేది కాదు. ఆ చేతులు ముఖానికి తగిలితే కళ్ళు మండి నీళ్ళు కారేవి. నమాజ్ మాత్రం తప్పేది కాదు.

ఫ్రెంచి చిత్రకారుడు కమీల్ పిసారో 1888లో వేసిన ‘ఆపిల్ కోత’ తస్వీర్ చూడగానే నాకు ఆమే గుర్తొచ్చింది. అదిప్పుడు అమెరికాలోని డాలస్ మ్యూజియంలో ఉంది. చెట్టు కింద ఒకరు పొడుగు కర్రతో కొమ్మ దులుపుతుంటే, ఆడవాళ్ళు రాలిన కాయలు ఏరుతున్నారు. అంతే. అందులో బాద్‌షా లేడు, జంగ్ లేదు. ఉన్నది మెహనత్ ఒక్కటే.

దగ్గరగా చూస్తే అంతా చుక్కలే. నియో-ఇంప్రెషనిస్టుల పద్ధతి అది. రంగుల్ని ముందే కలపకుండా చుక్కలుగా పక్కపక్కనే పెడతారు, కలిపే పని మన కళ్ళది. ఈ ఇల్మ్‌కు మూలం అద్దకంలోనే ఉంది. పారిస్‌లోని గోబ్లాఁ నేత కార్ఖానాలో నల్లరంగు వెలిసినట్టుందని ఫిర్యాదులొస్తే, అద్దకం చూసే షెవ్రూల్ పరీక్షించాడు. తప్పు నల్లదారంలో లేదు, దాని పక్కనున్న రంగుల్లో ఉంది. ఒక రంగు మన కంటికి ఎలా కనబడాలో దాని పడోసీ రంగు కూడా నిర్ణయిస్తుందని 1839లో కితాబు రాశాడు. పచ్చ పక్కన ఎరుపు ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. మిరపచేను చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

ఆ కితాబు చదివిన జార్జ్ స్యూరా 1886లో నది ఒడ్డున షికారుకొచ్చిన పట్నంవాళ్ళను చుక్కలతో చూపించాడు. అతనికి 26 ఏళ్ళు, పిసారోకు 55. అంత బుజుర్గ్ అయ్యుండీ పిసారో ఆ కుర్రవాడి దారి పట్టాడు. కాకపోతే చుక్కల్ని తానుండే ఎరాన్యీ పల్లెకు తెచ్చాడు. చెట్టు మీద ఎంత ఓపిక పెట్టాడో, వంగిన ఆడకూలీ నడుం మీదా అంతే పెట్టాడు. పని మరీ నెమ్మది, కొనేవాళ్ళు తక్కువ. కొన్నేళ్ళకే ఆ పద్ధతి వదిలేశాడు.

మా ఇంటి ఆల్బమ్‌లో నిఖా ఫొటోలున్నాయి, హజ్ వీడ్కోలు ఫొటోలున్నాయి. కల్లంలో తాలుకాయలు ఏరుతున్న నానీమా ఫొటో ఒక్కటీ లేదు. ఆమె పక్కన కూర్చుని ఏరిన వేరే వాడల ఆడవాళ్ళవీ లేవు. వాళ్ళంతా ఒకే బిందెలో నీళ్ళు తాగిన పడోసీలు. మన తారీఖ్ అంటే కొండవీడు ఖిల్లా, నవాబులు, జంగులు. పత్తి తీసిన, మిరప కోసిన అమ్మీలు అందులో ఎక్కడున్నారు?

ఈ ఏడు కల్లానికి వెళ్తే, ఇజాజత్ అడిగి ఒక తస్వీర్ తీయండి. దాని వెనక పేరు, ఊరు, ఏడాది రాయండి. ఆ రోజు కూలి ఎంతో కూడా రాయండి.