దూరపు కడలి – మన కరవులు

షోలాపురమున స్థిరపడిన తెలుగువారి వలసకథలలో మగ్గము, మిల్లు అను మాటలతోపాటు కరవు అను మాటయు వినవచ్చును. నైజాము రాజ్యపు జిల్లాలనుండి పద్మశాలీలు ఇచటికి వచ్చుటకు నేతపని యెంత కారణమో, వానలు తప్పుటయు నంత కారణము. నేడు కుంభారిలో కాపురముండు మనవలు ఆ వలసలను ఒక సముద్రపటముతో జోడించి చూడవచ్చును.

1876లో దక్కనులో వానలు తప్పెను. మరుసటి యేడు పసిఫిక్ మహాసముద్రపు తూర్పుభాగము మిక్కిలి వేడెక్కెను. అనావృష్టి ఉత్తరదేశమునకును ప్రాకెను. ఆ 1877లోనే షోలాపురపు తొలి నూలుమిల్లు నడవసాగెను. ఒకవైపు ఆకలి తరుమగా, వేరొకవైపు పని పిలిచెను. 1896లోను, 1899లోను పసిఫిక్ వేడిమియు దక్కను కరవును జంటగా వచ్చినవి.

ఈ సంబంధమెట్టిది? సాధారణముగా తూర్పుగాలులు పసిఫిక్ నందలి వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు త్రోయును. అందుచే అచటి సముద్రమట్టము దక్షిణ అమెరికా తీరముకంటె సుమారు అరమీటరు ఎత్తుగా నుండును. గాలులు సడలినయేడు ఆ నీరు తూర్పునకు మరలును. వానమేఘములును దానివెంట తరలిపోవును. పెరూ జాలరులు దీనికి ఎల్ నినో అని పేరిడిరి. దీనికి విరుద్ధమైన స్థితి లా నినా. 1904లో భారత వాతావరణశాఖకు అధిపతియై వచ్చిన గిల్బర్ట్ వాకర్, రెండు సముద్రములపై వాయుపీడనము త్రాసు తట్టలవలె ఊగుటను గుర్తించి, 1924లో దానికి దక్షిణ డోలనమని పేరు పెట్టెను. దానిని సముద్రపు వేడిమితో ముడివేసి చూపినవాడు యాకోబ్ బ్యర్క్‌నెస్. అది 1969నాటి మాట.

1992లో ఎగిరిన టోపెక్స్–పొసైడన్ ఉపగ్రహము ఆకాశమునుండి సముద్రపు ఎత్తును కొలిచెను. వేడెక్కిన నీరు వ్యాకోచించును గావున, ఎత్తును కొలిచిన లోపలి వేడిమి తెలియును. పటములలో ఉబ్బిన నీటిని ఎరుపు, తెలుపు రంగులతోను, దిగిన నీటిని నీలము, ఊదా రంగులతోను చూపుదురు. 1997లో పెరూ తీరమున ఆ ఎరుపు, తెలుపులు పెద్దనాలుకవలె వ్యాపించినవి.

అయినను ఆ యేడు మన దేశమున వాన సగటుకంటె కొంచెము మించియే కురిసెను. హిందూ మహాసముద్రపు పడమటిభాగము వెచ్చనగుట అందుకు తోడ్పడెనని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కావున పటము హెచ్చరిక మాత్రమే, తీర్పు కాదు.

1876–78 కరవున లక్షలాది ప్రజలు మరణించుచుండగా ధాన్యము ఓడలకెక్కి విదేశములకు పోయెను. 1972లో మరల ఎల్ నినో వచ్చెను, మహారాష్ట్రమున వానలు తప్పెను. కాని కరవుపనులు లక్షలాది కుటుంబములకు కూడుపెట్టినవి. కడలి వానను ఆపగలదు. అన్నమును ఆపునది మనుష్యుడే. తాతలకు తెలియని సంగతి నెలలకు ముందే మనకు తెలియుచున్నది. ఇకపై కరవును విధివ్రాత యని చేతులు ముడుచుకొనుట మనకు తగదు.