భూమి లేని గోత్రము: ప్రాచీన ఇశ్రాయేలు యాజకుల జీవనము

దేవుని సేవకై తన కాలమంతయు వినియోగించువాని కుటుంబము నెవరు పోషింపవలెను? ఈ ప్రశ్న ప్రాచీన సమాజముల కన్నింటికిని ఎదురైనది. మన దేశమున రాజులు దేవాలయములకును, వేదవిదులకును భూములు దానమొసగి, ఆ దానము ఆచంద్రార్కము నిలుచునట్లు తామ్రశాసనములు వ్రాయించిరి. ప్రాచీన ఇశ్రాయేలు ధర్మశాస్త్రము వేరొక మార్గమును త్రొక్కినది. అది యాజకునికి భూమి లేకుండ చేసినది. అందువలన కలిగిన మేలును, కీడును ఆ జాతి చరిత్రలో తుదివరకు కనిపించుచున్నవి.

ఇశ్రాయేలీయులు తమ్ము యాకోబు పండ్రెండుగురు కుమారుల సంతతిగా భావించిరి. కనాను దేశమును గోత్రములకు పంచినపుడు లేవి గోత్రమునకు మాత్రము భాగము లేకపోయెనని వారి గ్రంథములు చెప్పుచున్నవి. ఆ గోత్రములో అహరోను వంశీయులు బలిపీఠమునొద్ద సేవచేయు యాజకులు. తక్కిన లేవీయులు వారికి సహాయులు. నివాసమునకై ఆ గోత్రమునకు 48 పట్టణములును, పశువుల మేతకై వాని చుట్టునున్న బయళ్లును నిర్ణయింపబడెను. అందు 13 పట్టణములు యాజకులవి. హెబ్రోను వానిలో నొకటి. అయినను ఆ పట్టణపు పొలములును, పల్లెలును కాలేబు అను వీరునికే చెందెను. యాజకునికి ఇల్లు కలదు, మేతబయలు కలదు, దున్నుటకు చేను లేదు. దేవుడే వారి స్వాస్థ్యము, అనగా వారికి సంక్రమించిన ఆస్తి, అని సంఖ్యాకాండము విధించినది.

ఈ మాట కేవలము భక్తిపూర్వకమైన ఉక్తి కాదు. దాని వెనుక స్పష్టమైన లెక్కలున్నవి. ప్రజలు తమ పంటలో పదియవ వంతును లేవీయుల కీయవలెను. లేవీయులు తమకు వచ్చినదానిలో మరల పదియవ వంతును యాజకుల కీయవలెను. పుచ్చుకొనువాడును దాత కాక తప్పలేదు. ధాన్యము, ద్రాక్షారసము, నూనె, గొఱ్ఱెల బొచ్చు, వీనిలో తొలిభాగము యాజకునిది. తొలిచూలు మగబిడ్డను తండ్రి ఐదు తులముల వెండి చెల్లించి విడిపించుకొనవలెను. దహనబలి అగ్నికే చెందినను, దాని చర్మము అర్పించిన యాజకునికి చెందెను. సమాధానబలిలో బోరయు, కుడి జబ్బయు యాజకునివి, క్రొవ్వు అగ్నికి, మిగిలిన మాంసము అర్పించినవాని కుటుంబమునకు. దేవుని సన్నిధి నుంచిన పండ్రెండు రొట్టెలను ప్రతి విశ్రాంతిదినమున మార్చి, పాతవానిని యాజకులు భుజించిరి.

ఈ విధులన్నియు ఒకే కాలమునకు చెందినవి కావని పండితుల అభిప్రాయము. ద్వితీయోపదేశకాండము ప్రకారము దశమభాగమును కుటుంబమే ఆలయమునకు కొనిపోయి అచట భుజింపవలెను. మూడవ యేట మాత్రము దానిని ఊరిలోనే ఉంచి లేవీయునికి, పరదేశికి, తండ్రి లేని బిడ్డకు, విధవకు పంచవలెను. ఆ పట్టికలో లేవీయుడు ఎవరి సరసన నిలిచెనో గమనింపదగును. భూమి లేనివాడు ఎంత పవిత్రుడైనను అనాథలలో నొకడే.

అయినను ఈ ఆహారము కూలిగా ఎంచబడలేదు. అది దేవుని పీఠమునుండి వచ్చిన భాగము. కావున దానిని తిను ఇంటికిని నియమములు కలవు. అశుచియైన యాజకుడు దానిని ముట్టరాదు. అతడు వెలయిచ్చి కొన్న దాసుడు ఇంటివాడే కనుక తినవచ్చును, కూలివాడు తినరాదు. అన్యుని పెండ్లాడిన కుమార్తె ఆ హక్కును కోల్పోవును. ఆమె సంతానము లేక విధవయై పుట్టింటికి మరలి వచ్చినచో తండ్రి భోజనము మరల ఆమెదగును. యాజకుడు అతి సమీప బంధువుల శవమును తప్ప మరి దేనిని తాకరాదు. సేవాకాలమున మద్యము త్రాగరాదు. ఇందులకు ప్రతిగా అతడు శుద్ధాశుద్ధముల భేదమును ప్రజలకు బోధించెను. వారిని దేవుని నామమున ఆశీర్వదించెను. యెరూషలేము చెంత కేతెఫ్ హిన్నోమున 1979లో జరిగిన త్రవ్వకములలో ఒక సమాధినుండి రెండు చిన్న వెండి చుట్టలు లభించెను. క్రీ.పూ. 7వ, 6వ శతాబ్దుల సంధికాలపువని తలచబడుచున్న ఆ రేకులపై యాజకుల ఆశీర్వచనము చెక్కబడియున్నది. ప్రజలు తాము పొందిన ఆశీస్సు నెంత విలువైనదిగా తలచిరో ఆ రేకులు తెలుపుచున్నవి.

కాని పరుల శ్రద్ధపై ఆధారపడిన జీవనమునకు రెండు ప్రమాదములు కలవు: శ్రద్ధ తగ్గినచో ఆకలి, శ్రద్ధకై వేచియుండలేనిచో దౌర్జన్యము. న్యాయాధిపతుల గ్రంథమున బేత్లెహేమునుండి బయలుదేరి చోటు వెదకుకొనుచు తిరిగిన లేవీయుడొకడు కనిపించును. మీకా అను గృహస్థుడు ఏటికి పది వెండి రూకలు, బట్టలు, భోజనము ఇచ్చి అతనిని తన యింట యాజకునిగా పెట్టుకొనెను. దాను గోత్రీయులు వచ్చి, ఒక ఇంటికంటె ఒక గోత్రమునకు యాజకుడగుట మేలుకాదా అని అడుగగా, అతడు సంతోషముతో వారి వెంట పోయెను. షిలోహులో ఏలీ కుమారుల సేవకుడు మూడు ముండ్ల కొంకితో ఉడుకుచున్న కుండలనుండి మాంసమును లాగుకొనెను; క్రొవ్వు దహింపకమునుపే పచ్చిమాంసము నిమ్మని బెదరించెను. తమ భాగమును తామే పెంచుకొన్న యాజకులు బలియర్పణమునే ప్రజలకు ఏవగింపు చేసిరి.

మొదటి ప్రమాదమునకు సాక్షి నెహెమ్యా. అతడు క్రీ.పూ. 433లో పారసీక చక్రవర్తి యొద్దకు పోయి, కొంతకాలమునకు యెరూషలేమునకు మరలి వచ్చునప్పటికి, లేవీయులకు రావలసిన భాగములు ఆగిపోయియుండెను. వారు ఆలయమును విడిచి ఎవరి పొలమునకు వారు పోయిరి. నెహెమ్యా వారిని నిందింపలేదు. దేవుని మందిరము నేల విడిచిపెట్టితిరని అధికారులతో వాదించెను. లేవీయులను మరల రప్పించి, నమ్మకస్థులను ధాన్యాగారములపై నియమించెను. రెండవ ప్రమాదము ఆలయపు చివరి దశాబ్దులలో మరల తలయెత్తెను. క్రీ.శ. 60 ప్రాంతమున ప్రధానయాజకుల సేవకులు కళ్లములకు పోయి దశమభాగములను బలవంతముగా కొనిపోగా, పేదయాజకులు ఆకలితో మరణించిరని జోసీఫస్ వ్రాసెను. అతడును యాజకవంశీయుడే.

క్రీ.శ. 70లో రోమనులు ఆ ఆలయమును నాశనము చేసిరి. బలిపీఠముతోపాటు బోరయు, జబ్బయు, చర్మమును పోయినవి. అయినను తొలిచూలు కుమారునికై ఐదు వెండి నాణెములను యాజకవంశీయుని చేతనుంచు ఆచారము యూదులలో నేటికిని కలదు. ఆ వంశీయులు చేతులెత్తి సభను ఆశీర్వదించుటయు నిలిచియున్నది. దున్నుటకు చేను లేని ఆ గోత్రమునకు శాస్త్రము ఒసగిన స్వాస్థ్యములో ఏ సైన్యమును కొనిపోలేని భాగ మిదియే.