మలయాళదేశపు వర్షకాల విశ్రాంతి



ఈ మధ్య మన పల్లెలలో సైతము ఒక క్రొత్తమాట వినవచ్చుచున్నది. దూరదేశములలో ఉద్యోగములు చేయు కుమారులును కుమార్తెలును తలిదండ్రులకు సొమ్ము పంపి, "కేరళమునకు పోయి పదునైదు దినములు హాయిగా నుండి రండు, తైలమర్దనము చేయింతురు, సముద్రపుటొడ్డున గది యిత్తురు" అని చెప్పుచున్నారు. అరువదేండ్లు దాటినవారికి మోకాళ్లు నొచ్చుటయు నడుము పట్టుటయు సహజములు. కావున ఆ మాట చెవికి ఇంపుగనే యుండును. నేను దానిని ఆక్షేపింపను. కాని ఈ ప్రయాణమును సంకల్పించువారు రైలుటిక్కెట్టు కొనుటకు ముందు తెలిసికొనదగిన చరిత్ర కొంత కలదు. నేను దానిని చదివియు చదువనివానివలె ప్రవర్తించి నష్టపడితిని. ఆ కథ పిమ్మట మనవి చేసెదను.

ఆరోగ్యము కొరకు ఊరు విడిచి పోవుట యన్నంతనే మనకు తోచునది ఇంగ్లీషువారి పద్ధతి. వారికి మన యెండయే రోగము. దానినుండి తప్పించుకొని కొండలెక్కుటయే వైద్యము. 1819వ సంవత్సరమున కోయంబత్తూరు కలెక్టరుగా నుండిన జాన్ సలివన్ దొర నీలగిరులెక్కి చూచెను. కొలదికాలమునకే ఉదకమండలము దొరల వేసవి విడిది యయ్యెను. మన మదనపల్లె చెంతనున్న ఏనుగుమల్లమ్మ కొండపై కడప కలెక్టరు హార్స్లీ దొర బంగళా కట్టుకొనుటచే ఆ కొండకు ఆయన పేరే నిలిచినది. గాలిమార్పు అను మాట మన భాషలో అట్లే స్థిరపడెను. నేటికిని మనము విశ్రాంతి యనగా ఎండ లేని చోటికి, వాన లేని దినములలో పోవుట యనియే తలచుచున్నాము.

మలయాళదేశమువారి ఆచారము దీనికి సరిగా విపరీతము. వారు విశ్రాంతికి ఏరుకొనిన కాలము ముమ్మర వానకాలము. సూర్యుడు కర్కాటకరాశి యందుండు నెల, అనగా జూలై నడుమ నుండి ఆగస్టు నడుమ వరకు, వారికి కర్కిటకమాసము. మన ఆషాఢశ్రావణములకు ఇంచుమించుగా సరిపోవును. ఇందులకు శాస్త్రప్రమాణము కలదు. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున ఋతుచర్యను చెప్పుచు, గ్రీష్మమున క్షీణించిన దేహమున జఠరాగ్ని మందగించి యుండుననియు, మబ్బులచేతను చల్లనిగాలిచేతను నేలనుండి లేచు ఆవిరిచేతను అది మరింత తగ్గి వాతము ప్రకోపించుననియు, కావున ఆ ఋతువున దేహశోధనము చేసికొని, పాతధాన్యము భుజించి, పగటినిద్రయు శ్రమయు మాని యుండవలెననియు విధించెను. ఆ గ్రంథమును భారతదేశమంతయు చదివినది. మలయాళదేశమువారు చదువుటతో విడువక నెల పేరు పెట్టి పాటించిరి.

శాస్త్రమొక్కటియే కారణమని నేను చెప్పజాలను. వానలు జోరుగా కురియునపుడు పొలముపని సాగదు. పాతపంట గాదెలో అడుగంటును, క్రొత్తపంట ఇంకను చేతికి రాదు. అందుచే కర్కిటకమును వారు కరవునెల యనియు వ్యవహరించిరి. ఆ దినములలోనే మూలికలు వేసి కాచిన గంజి త్రాగుటయు, ఒడలికి నూనె పట్టించుకొనుటయు, సాయంకాలము దీపము పెట్టి ఎళుత్తచ్ఛన్ రచించిన అధ్యాత్మరామాయణమును పారాయణము చేయుటయు ఇంటింటి యాచారములైనవి. కలిమి గలవానికి తైలద్రోణి, లేనివానికి గంజికుండ. నెల మాత్రము ఇరువురకు నొక్కటియే. మన సేద్యకాండ్రు ఈ సంగతి గమనింపదగును. విశ్రాంతి యనునది సోమరుల కొరకు పుట్టినది కాదు. పనిచేయు దేహమునకు పని లేని కాలము దొరికినపుడు పుట్టినది.

దీనికి వేరొక సాక్ష్యము చెప్పెదను. కలరి యను సాముగరిడీలు నేర్చు యువకులకు వానకాలమునందే నూనెతో మర్దనము చేయుట ఆ దేశమున పూర్వాచారము. గురువు పైనుండి వ్రేలాడు త్రాటిని పట్టుకొని తన పాదములతో శిష్యుని దేహమును రుద్దును. 1930లో వళ్లత్తోళ్ నారాయణమేనోన్ మహాకవియు ముకుందరాజావారును స్థాపించిన కేరళ కళామండలమున కథకళి నేర్చు బాలురకును వానకాలమున తెల్లవారకముందే ఇట్టి మర్దనము జరుగును. అది సుఖము కొరకు కాదు. ఏడాది పొడవున ఆ దేహము మోయవలసిన పని కొరకు.

ఇక వైద్యుల సంగతి. అష్టవైద్యులను పేర కొన్ని నంబూద్రి కుటుంబములు తరతరములుగా వాగ్భటుని గ్రంథమును కంఠస్థము చేసి చికిత్స చేయుచు వచ్చినవి. ఆలత్తూరు నంబి, వైద్యమఠము, పులామంతోళు, కుట్టంచేరి మున్నగునవి వాటిలో ప్రసిద్ధములు. అయినను ఆ విద్య వారి యొక్కరి సొత్తు కాదు. 17వ శతాబ్దమున కొచ్చిలోని డచ్చివారి అధికారి వాన్ రీడ్ దొర మలబారు ఓషధులనుగూర్చి గొప్పగ్రంథము సిద్ధము చేయించెను. 1678 మొదలు 1693 వరకు అది పండ్రెండు సంపుటములుగా ఆంస్టర్‌డాములో అచ్చుపడెను. ఆ మొక్కల గుణములను చెప్పిన ముఖ్యుడు ఇట్టి అచ్యుతన్ అను ఈళవ వైద్యుడు. ఆయనకు తోడు ముగ్గురు కొంకణ బ్రాహ్మణులు. లాటినుభాషలో మూడువందల యేండ్లు మూతపడియున్న ఆ గ్రంథమును ఆచార్య మణిలాల్ ఇంగ్లీషులోనికి మార్చగా 2003లో ప్రకటితమయ్యెను. ఇట్టి అచ్యుతన్ పేరు మన పాఠ్యపుస్తకములలో లేకుండుట నాకు వెలితిగనే తోచును.

మలయాళ వైద్యుల చికిత్సలలో మూడింటిని చెప్పిన చాలును. గోరువెచ్చని తైలమున గుడ్డను ముంచి, దేహమంతట పిండుచు మర్దించుట పిళిచ్చిల్. ఇంచుమించు అరువది దినములలో పండు నవర బియ్యమును పాలతోను బలామూల కషాయముతోను వండి, మూటగట్టి, ఆ మూటలతో దేహమును రుద్దుట నవరక్కిళి. నుదుటిపై సన్నని ధారగా తైలమును విడుచుట శిరోధార. రోగిని పరుండబెట్టు బల్ల, అంచు గల కఱ్ఱద్రోణి. తైలము మెండుగా కావలెను, పరిచారకులు పలువురు కావలెను. అందుచే పిళిచ్చిల్ పూర్వము రాజులకును ధనికులకును తప్ప దొరకలేదు.

ఈ చికిత్సలకు వైద్యుడు ఏడు, పదునాలుగు, ఇరువదియొకటి యని దినములను నిర్ణయించును. ఇచ్చటనే మనవారు పొరబడుచున్నారు. చికిత్స పదునాలుగు దినములైనచో, పిమ్మట మరి పదునాలుగు దినములు పథ్యముతో ఉండవలెను. దీనిని మలయాళులు నల్లిరిక్క యందురు. నల్ల యనగా మంచి. ఇరిక్క యనగా ఉండుట. మన 'ఇరవు' అను మాటకు అది చుట్టము. చరకసంహిత సిద్ధిస్థానమున, శోధనచికిత్స పొందినవాడు విడువవలసినవి ఎనిమిది చెప్పబడినవి. గట్టిగా మాటలాడుట, బండిలో కుదుపులు తినుట, మిక్కిలి నడచుట, మిక్కిలి కూర్చుండుట, అజీర్ణముండగా తినుట, పడని పదార్థము తినుట, పగలు నిద్రించుట, స్త్రీసంగమము. వీటిలో బండి కుదుపులను ఇంకొకమారు జ్ఞాపకముంచుకొనుడు.

పందొమ్మిదవ శతాబ్దాంతమున ఈ విద్య క్షీణదశలో నుండెను. కషాయమును గంటలకొలది కాచుకొనుటకు ఇంట ఓపిక గలవారు తగ్గిరి. అప్పుడు కుట్టంచేరి వైద్యుని శిష్యుడైన పి. ఎస్. వారియర్ (1869-1944) పాశ్చాత్యవైద్యమును గూడ కొంత నేర్చి, 1902లో కోట్టక్కల్ గ్రామమున ఆర్యవైద్యశాలను నెలకొల్పి, కషాయములను సిద్ధముచేసి సీసాలలో అమ్మించెను. ఇంచుమించు ఆ కాలమందే మన మచిలీపట్టణపు దివి గోపాలాచార్యులవారు మదరాసున ఆయుర్వేదాశ్రమము నడపుచుండిరి. అప్పటికి మలబారును మన జిల్లాలును ఒక్క మదరాసు రాజధాని క్రిందివే. వారియరుగారు 1917లో వైద్యపాఠశాలను, 1924లో ధర్మాసుపత్రిని పెట్టిరి. తమ యాస్తిని మరణశాసనముచే ధర్మసంస్థ చేసిరి. రోగులు వసించి చికిత్స పొందు శాల అచ్చట 1954లో ఏర్పడెను. దూరదేశీయులు వచ్చి కొన్ని వారములుండి పోవు పద్ధతికి అది యొక మూలము.

తరువాతి కథ త్వరితముగా నడచినది. 1986లో కేరళప్రభుత్వము యాత్రికవ్యాపారమును పరిశ్రమగా ప్రకటించెను. 1989లో తమ నాడు దేవుని సొంత దేశమను ప్రచారవాక్యము పుట్టెను. సముద్రపుటొడ్డు హోటళ్లలో తైలపు గదులు వెలసెను. వానకాలమున గదులు ఖాళీగా నుండుట చూచి, ఆ కాలమే చికిత్సకు శ్రేష్ఠమని చాటిరి. చాటినది వ్యాపారము కొరకైనను మాట మాత్రము సత్యమే. మంచిచెడులు కలిసిపోవుటచే పర్యాటకశాఖవారు గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ అను శ్రేణులను ఏర్పరచి శాలలను పరీక్షించిరి. కాని అందంతటను ఒక లోపము మిగిలినది. హోటలులో దినములు అమ్మవచ్చును గాని పథ్యమును అమ్మజాలరు. ఏడు దినముల ప్యాకేజిలో ఆ పిమ్మటి ఏడు దినములు ఎవరి లెక్కలోను లేవు.

ఇప్పుడు నా కథ. 2019 జనవరిలో నా భార్య మోకాళ్ల నొప్పికై మేమిరువురము ఒక సముద్రతీరపు విడిదికి ఏడు దినములకు సొమ్ము కట్టి పోతిమి. ఆ విడిది పేరు మీకక్కరలేదు. నాడి చూచినవారు లేరు. ఉదయము తైలమర్దనము, మధ్యాహ్నము పడవషికారు, రాత్రి నృత్యప్రదర్శనము. వారిని నిందించుట సులభము. కాని ఎనిమిదవ దినమున బస్సెక్కి గురువాయూరు, అచ్చటినుండి కన్యాకుమారి, పిదప రామేశ్వరము అని పట్టిక వ్రాసినవాడను నేనే. ఎట్లును అంతదూరము పోవుచున్నాము, పుణ్యము గూడ మూటగట్టుకొందమని నా ఆశ. రామేశ్వరమున ఇరువదిరెండు తీర్థముల చన్నీరు బిందెలతో నెత్తిన గుమ్మరించుకొనిన రాత్రి ఆమె మోకాళ్లు వాచినవి. ఇంటికి వచ్చువరకు ఆమె నన్నొక్క మాట యనలేదు. ముప్పదియేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను, అష్టాంగహృదయమును గురుముఖమున చదివినవాడను. ఆ మౌనము నాకు శిక్షయే యయ్యెను.

2023 ఆషాఢమున మరల బయలుదేరితిమి. ఈమారు ముందుగా ఉత్తరము వ్రాసి, వైద్యుని సమాధానము వచ్చిన పిదపనే టిక్కెట్లు తీసికొంటిని. భారతప్పుళ నది సమీపమున ఒక పల్లెలో ఆ వైద్యుని ఇల్లు. ఆయనకు తెలుగు రాదు, నాకు మలయాళము రాదు. సంస్కృతమున మాటలాడుకొంటిమి. ఆయన మొదట అడిగినది నొప్పిని గూర్చి కాదు, ఆమె వాడు చక్కెరరోగపు మాత్రల చీటీని. రెండవది, "చికిత్సానంతరము మీకెన్ని దినములున్నవి?" అని. నేను మూడని చెప్పితిని. ఆయన నవ్వి, పదునాలుగు దినములు చికిత్స చేసెదననియు, ఆ పిదప మూడు దినములు అచ్చటనే ఉండి, రైలులో క్రింది పడకపై పరుండి ఇల్లు చేరి, మిగిలిన పదునొకండు దినములు ఇంటియందే నల్లిరిక్క జరుపవలెననియు, వాటిని గూడ ఖర్చుపట్టికలో వ్రాసికొమ్మనియు చెప్పెను. ఆ దినములలో వంటకు నా మేనకోడలిని పిలిపించితిని. చుట్టములకు ముందుగనే జాబులు వ్రాసి రావద్దంటిని. కొందరికి కోపము వచ్చినది.

ఇంటికి చేరిన పిమ్మట ఇరుగుపొరుగు స్త్రీలు వాకిట నిలిచి, "కేరళములో ఏమేమి చూచి వచ్చితివి వదినా?" అని అడిగిరి. ఆమె మెల్లగా, "ఒక వసారా, ఒక పనసచెట్టు, వాన" అని చెప్పినది. నొప్పి పూర్తిగా పోయినదని చెప్పను. కాని మా యూరి కోవెల అరుగును నా భుజము పట్టుకొనకయే ఎక్కుచున్నది. మరుసటి యేడు పంచాంగము తెరచి ఆషాఢము ఎప్పుడు వచ్చుచున్నదో చూడుమని ఆమెయే నన్నడిగినది. నేను చూచి చెప్పితిని. రామేశ్వరము మాట ఎత్తలేదు.