పగటి నిద్రలో ‘రాత్రి’

ఉదయం ఏడు దాటింది. సూరత్‌ అమ్రోలిలోని అంజనీ ఇండస్ట్రియల్ ఎస్టేట్ షెడ్లలోంచి రాత్రి షిఫ్టు బయటికొస్తోంది. పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడ్డారు మీరు. పక్కవాడు ఏదో అంటున్నాడు. వినబడదు, పెదాలు చూసి తలూపుతారు.

మెస్ మెట్లెక్కితే పొడవాటి హాలు. గోడ నిండా మేకులు, మేకులకు సంచులు. పగటి షిఫ్టువాడు ఖాళీ చేసిన చోటే మీ పడక. తలగడలో వాడి కొబ్బరినూనె వాసన. హాల్లో ఎక్కువమంది ఒడిశాలోని గంజాం జిల్లావాళ్లు. బరంపురం వైపు నుంచి వచ్చినవాళ్లలో కొందరిది ఇంట్లో తెలుగే. మీ పక్క చాప బావ అలాంటివాడే. ఫోన్ గోడకి ఆనించి ఇయర్‌ఫోన్ ఒకటి మీ చేతిలో పెడతాడు. సినిమా ‘రాత్రి’, 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసింది.

పేరు రాత్రే గానీ, మొదలయ్యేది పట్టపగలు. రేవతి బస్సు దిగుతుంది. చుట్టూ ఎండ, మనిషి అలికిడి లేదు. తర్వాత తెలుస్తుంది అది కలని. చీకట్లో భయపెట్టడం ఎవరైనా చేస్తారు. ఎండలో నిలబెట్టి వణికించడమే వర్మ పనితనం. అందులో సగం వాటా మణిశర్మ నేపథ్య సంగీతానిది. నేపథ్య సంగీతకారుడిగా ఆయన తొలి సినిమా అదే. చప్పుడు కన్నా చప్పుడు ఆగిన క్షణమే ఎక్కువ భయం. రాత్రంతా మగ్గాల మోతలో ఉన్న మీ చెవులకి ఆ సంగతి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

సగంలో కళ్లు మూతపడతాయి.

మిట్టమధ్యాహ్నం మెలకువ. కిటికీకి కట్టిన చీర సందుల్లోంచి ఎండ. ఫ్యాను కనబడుతోంది, కానీ వేలు కదలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నారు. అరుద్దామంటే గొంతు పెగలదు. తలవైపు ఎవరో నడుస్తున్నారు. ఆంజనేయ దండకం మొదటి మాట కూడా గుర్తురాదు.

భుజం మీద చెయ్యి పడుతుంది. ఒక్కసారిగా ఊపిరి.

“ఏటైంది రా? మూలుగుతున్నావు.”

“గుండెల మీద కూకుంది బావా.”

“నాకూ కూకుంటాది. పక్కకి తిరిగి పడుకో.”

మంచి సలహాయే. వెల్లకిలా పడుకున్నవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది. కలలు కనే వేళ ఒళ్లు కదలకుండా మెదడు కండరాలను ఆపేస్తుంది. ఆ తాళం తియ్యకముందే మెలకువ వస్తే ఇదిగో ఇలా. షిఫ్టుల వల్ల నిద్రవేళలు తారుమారైనవాళ్లకి ఇది కొత్త కాదు.

1984లో వెస్ క్రేవెన్ తీసిన ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’కి బీజం కూడా ఇలాంటి పడకల దగ్గరే పడింది. ఆగ్నేయాసియా నుంచి అమెరికా చేరిన శరణార్థుల్లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు నిద్రలోనే పోయారన్న వార్తలు ఆయన పత్రికల్లో చదివాడు. సినిమాలో ఆ భయం అమెరికా మధ్యతరగతి పిల్లల పడకగదుల్లోకి మారింది. ఊరొదిలి వచ్చినవాళ్లు తెరమీద లేరు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

సాయంత్రం ఐదు. కింద టీ కాగుతోంది, బాత్రూమ్ ముందు వరస. బావ ఫోన్ ఛార్జింగ్ తీసి మీ వైపు చూస్తాడు.

“మిగతాది చూస్తావేటి?”

“పెట్టు. ఏడింటికి డ్యూటీ. అప్పటికి అయిపోద్ది.”