లారీ స్కూలుకు డబ్బు కట్టే ముందు ఈ చరిత్ర చదవండి

అన్నలూ తమ్ముళ్ళూ, సైటు పని వదిలి ట్రక్కు లైసెన్సు తీసుకుంటామని మనవాళ్ళు చాలామంది అడుగుతున్నారు. ఏ స్కూలు మంచిదో తర్వాత. ముందు ఈ స్కూళ్ళ సంగతి ఎలా మొదలైందో చూద్దాం.

మన ఊళ్ళో క్లీనరుగా చేరి, డ్రైవరన్న పక్కన కూర్చుని బండి నేర్చుకుంటాం కదా. ఇక్కడా ఒకప్పుడు ఇంచుమించు అంతే. చాలా రాష్ట్రాల్లో కారు లైసెన్సు ఉంటే చాలు, పద్దెనిమిది చక్రాల బండి నడపొచ్చు. ఇంకో కిటుకు కూడా ఉండేది. కొందరు రెండు మూడు రాష్ట్రాల లైసెన్సులు జేబులో పెట్టుకుని, ఒకదాని మీద కేసులు ఎక్కువైతే ఇంకోటి తీసి చూపించేవాళ్ళు. 1980లో కార్టర్ సంతకం చేసిన చట్టంతో రవాణా వ్యాపారం మీద కట్టుబాట్లు సడలి, కొత్త కంపెనీలు కుప్పలుగా వచ్చాయి.

రీగన్ కాలంలో, 1986 అక్టోబరులో, ఈ ఆటకు అడ్డుకట్ట వేసే చట్టం వచ్చింది. మనిషికి ఒకటే లైసెన్సు. మనం సీడీఎల్ అనేది అదే. 1992 ఏప్రిల్ 1 కల్లా అందరూ తీసుకోవాల్సిందే. 26,001 పౌండ్లు, అంటే దాదాపు 11,800 కిలోలు, ఆ పై బరువు బండ్లకు ఇది కావాలి. మన సైటుకొచ్చే పెద్ద డంప్ ట్రక్కు, కాంక్రీటు మిక్సరు క్లాస్ బి కిందికి వస్తాయి. వెనక పెద్ద ట్రైలరు ఉంటే క్లాస్ ఎ.

విచిత్రం ఏంటంటే పరీక్ష పెట్టారు గానీ, దేశమంతటా స్కూలు తప్పనిసరి చెయ్యలేదు. ఆ రూలు 2022 ఫిబ్రవరి 7న గానీ అమలు కాలేదు. కేంద్ర రిజిస్ట్రీలో పేరున్న చోట నేర్చుకుంటేనే డ్రైవింగు పరీక్ష. కానీ ఇన్ని గంటలు నేర్పాలన్న లెక్క కేంద్రం పెట్టలేదు. పైగా స్కూలు వాళ్ళు "మేం అర్హులమే" అని తామే రాసిచ్చుకుంటే పేరు ఎక్కిపోయేది. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే అంటాం మేం. 2025 డిసెంబరులో దాదాపు 3,000 స్కూళ్ళను తీసేస్తున్నామని రవాణా శాఖ ప్రకటించింది.

మేం ఎరిగిన కుర్రాడొకడు ఒక స్కూలుకు డబ్బంతా ముందే కట్టాడు. తీరా పరీక్షకు పోతే శిక్షణ పూర్తయినట్టు రికార్డే ఎక్కలేదు. ఆ రికార్డు ఎక్కించాల్సింది స్కూలే. అందుకే పేరు రిజిస్ట్రీలో మీరే చూసుకోండి, క్లాస్ ఎ నా బి నా అడగండి, స్టీరింగు ఎన్ని గంటలు ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇంకోటి. 2025 జూన్ 25 నుంచి రోడ్డు మీద తనిఖీలో ఇంగ్లీషు రాకపోతే బండి అక్కడే ఆపేయిస్తున్నారు. సెప్టెంబరులో వీసా మీద ఉన్నవాళ్ళ సీడీఎల్‌కు కఠినమైన రూలు తెచ్చారు, అది కోర్టుకెక్కింది. గ్రీన్‌కార్డు లేనివాళ్ళు స్కూలుకు పోకముందే మీ రాష్ట్రం లైసెన్సు ఆఫీసులో మీ కాగితాలు చూపించి, పర్మిట్ ఇస్తారో లేదో కనుక్కోండి.