దత్తమండలములందలి గ్రామగుత్తలు

మదనపల్లెలో ఒక యిల్లు కొని బాడుగ కిచ్చినచో ముదిమియందు నిశ్చింతగా కాలము గడపవచ్చునని తలంచువారు మన పల్లెలలో ననేకులు గలరు. ఆ తలంపు తప్పని నేననను. కాని, ఇతరులు చెల్లించు సొమ్మును నమ్ముకొని, తాము మాత్రము తప్పని బాకీకి పూచీపడిన పెద్దలు ఈ సీమలోనే పూర్వముండిరి. వారి చరిత్రమును నేడు మనవి చేసెదను.

1800 సంవత్సరమున నిజాము కంపెనీవారికి దత్తము చేసిన మండలములలో మదనపల్లె ప్రాంతము చేరియుండెను. థామస్ మన్రో అచ్చట ప్రధాన కలెక్టరుగా 1807 వఱకు నుండి, పొలములు కొలిపించి, ఒక్కొక్క రైతునకు విడివిడిగా శిస్తు నిర్ణయించెను. ఆ శిస్తు భారమైనదని అతడే యెఱిగి, పోవుటకు ముందు నూటికి 25 వంతులును, బావుల క్రింది భూములకు 33 వంతులును తగ్గింపవలెనని వ్రాసెను. పైవారు ఆ మాటను పాటింపలేదు. రైతులతో విడివిడిగా లెక్క చూచుకొనుటకు మాఱుగా గ్రామమునకు గ్రామమే గుత్త కిచ్చుటకు నిశ్చయించిరి. మొదట మూడేండ్లకును, పిదప పదేండ్లకును ఈ గుత్తలు సాగినవి.

గుత్తకు ముందుగా గ్రామపు రెడ్డినే పిలిచెడివారు. అతడు వలదన్నచో పరగ్రామస్థుడు వచ్చి పాడుకొనును. తాతలనాటి నుండి పెద్దరికము చేసిన యూరిలో క్రొత్తవాడొకడు వచ్చి శిస్తు వసూలు చేయుటను ఏ రెడ్డి సహింపగలడు? లాభమున కాశించినవారు కొందఱు, పరువునకై తలయొగ్గినవారు మఱికొందఱు. మన పెద్దలలో ఈ రెండవ తెగవారే యెక్కువయని నా యూహ.

ఒక్క లెక్క చూడుడు. ఒక గ్రామపు గుత్త వేయి వరహాలనుకొందము. పది కాపుటిండ్లు తలకొక నూఱు చెల్లించిన సరిపోవును. వాన తప్పి రెండు కాపురములు పొరుగు సీమకు లేచిపోయినచో వచ్చునది ఎనిమిది వందలు. కట్టవలసినది మాత్రము వేయియే. మిగిలిన కాపులపై ఆ రెండువందలు రుద్దినచో వారును మూట గట్టుదురు. దున్నువాడు లేని మడియు, కాపురము లేని యిల్లును ఒక్కటే: రాబడి నిలిచిపోవును, పన్ను నిలువదు. కిస్తు గడువు వానకై వేచియుండదు.

చాలమంది గుత్తదారులు కూలిపోయిరి. కొందఱి యాస్తులు వేలమునకు వచ్చినవి, కొందఱు చెఱసాల పాలైరి. 1820లో మన్రో గవర్నరై తిరిగివచ్చిన పిమ్మట రైతువారీ పద్ధతి మరల నెలకొనెను; తాను మున్ను కోరిన తగ్గింపును అప్పుడే అమలు జరిపించెను. అప్పటికే పొలము పోగొట్టుకొన్న గుత్తదారున కా తగ్గింపుతో నేమి పని?

పుంగనూరు జమీనును, కుప్పము చేరియున్న కంగుంది జమీనును వేఱు తెఱగున నడచినవి. జమీందారు పేష్కస్సు చెల్లించి, గ్రామముల శిస్తును తాను గైకొనెడివాడు. పెక్కు గ్రామము లుండుటచే ఒక యూరిలో పండకున్నను మఱియొక యూరు ఆదుకొనును. అతనికి కలిగిన చిక్కు చట్టము వలన వచ్చినది. 1908 నాటి మదరాసు ఎస్టేట్లభూమి చట్టము జమీను రైతులకు తమ భూములపై శాశ్వతమైన హక్కు నొసగెను; ధరలు పెరిగినవని శిస్తు పెంపు గోరినను రూపాయికి రెండణాలకు మించి పెంచరాదని కట్టడి చేసెను. 1948లో వేఱొక చట్టము నష్టపరిహార మిచ్చి జమీనులనే రద్దుపఱచెను.

పట్టణపు టిండ్లకును ఇట్టి కట్టడియే వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇండ్లు దొరకక బాడుగలు పెరుగగా, మదరాసు ప్రభుత్వము వానిని అదుపులో నుంచెను. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనము మునిసిపాలిటీలలోని ఇండ్లకు న్యాయమైన బాడుగను నిర్ణయించు నధికారిని ఏర్పఱచెను. తన యింట తానే కాపురముండవలెనన్న యజమాని సైతము, ఆ యక్కఱ నిజమైనదని అతని యెదుట నిరూపింపవలసి వచ్చెను.