పన్ను మొలిచే నేల

పాలపన్ను ఊడితే ఇంటికప్పు మీదికి విసరడం మన ఇళ్ళలో పాత అలవాటు. ఇప్పుడు ఆ పంటినే అతిశీతలంలో దాచిపెడతామనీ, అందులోని మూలకణాలు రేపు మీ బిడ్డకు అక్కరకొస్తాయనీ చెప్పి రుసుము తీసుకునే సంస్థలు వచ్చాయి. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవాలంటే పన్ను ఎలా తయారవుతుందో మనిషి తెలుసుకున్న కథ కొంత చూడాలి.

లండను శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1771లో మానవ దంతాల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. మనిషి పంటిని కోడిపుంజు తురాయిలో నాటి, అది అక్కడ అతుక్కుని నిలవడం చూసినవాడు ఆయన. పన్ను అంటే వట్టి రాయి కాదు, ప్రాణమున్న అంగమని ఆ ప్రయోగం చాటింది. అయితే ఆ ప్రాణి రూపం దిద్దుకునేది ఎక్కడ?

తల్లి కడుపులో ఆరో వారం ప్రాంతంలో శిశువు దవడ పైపొర లోపలికి మొగ్గలా దిగుతుంది. దాని కింద అడుగుపొర కణాలు గుమిగూడతాయి. మొగ్గ టోపీలా, తరువాత గంటలా మారుతుంది. పైపొర నుంచి ఎనామెల్, అడుగుపొర నుంచి డెంటిన్, గుజ్జు వస్తాయి. అమెరికాలో కొల్లార్, బేర్డ్ అనే ఇద్దరు 1970 ప్రాంతంలో చిట్టెలుక పిండాలలో ఈ పొరలను విడదీసి తారుమారు చేసి పెంచారు. ముందరిపంటి పైపొరను దవడపంటి అడుగుపొరకు జతచేస్తే దవడపన్నే వచ్చింది. పాదం చర్మాన్ని తెచ్చి జతచేసినా పన్నే వచ్చింది! అయితే మొట్టమొదట మాట కదిపేది పైపొరేనని 1987, 1988 నాటి ప్రయోగాలు చూపాయి. అంటే పంటి రూపం ఏ ఒక్క పొర సొత్తూ కాదు. అది రెండింటి సంభాషణ.

ఆ సంభాషణ ఎలా సాగుతుంది? రెండు పొరల మధ్య పలుచని తెర ఉంటుంది. దాన్ని పునాది పొర అంటారు. కణాలు తామే విడుదల చేసి, తమ చుట్టూ పరచుకునే మాంసకృత్తుల అల్లికలో అదొక భాగం. ఆ మొత్తం అల్లికకు కణబాహ్య మాత్రిక అని పేరు. ఇటుకల మధ్య సున్నంలా అది కణాలను పట్టి ఉంచుతుందని మాత్రమే చాలాకాలం అనుకున్నారు.

ఆ అభిప్రాయాన్ని మార్చినవారిలో ఫిన్లాండులో ఇర్మా తెస్లెఫ్, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బుర్గ్‌లో రూష్ ముఖ్యులు. డెంటిన్ కణాలు పుట్టేటప్పుడు పునాది పొరను ఆనుకుని వరుస కడతాయి, విభజన మానుకుంటాయి, పొడవుగా సాగుతాయి, ఆపైనే డెంటిన్ స్రవిస్తాయి. పునాది పొర సరిగా ఏర్పడకుండా మందులతో అడ్డుకుంటే ఆ కణాలు తయారు కాలేదు. ఆ వరుసలో ఫైబ్రోనెక్టిన్ అనే మాంసకృత్తుకు పాత్ర ఉన్నదని రూష్ బృందం చూపింది. మొగ్గ చుట్టూ కణాలు గుమిగూడే చోటే టెనాసిన్ కనబడుతుందని 1987లో తెస్లెఫ్ బృందం గమనించింది. కణం ఈ అల్లికను పట్టుకునే చేతులకు 1986లో ఇంటెగ్రిన్లని పేరు పెట్టారు. ఆ పట్టు ద్వారానే ఎక్కడ నిలవాలో, ఏమి కావాలో కబురు కణం లోపలికి చేరుతుంది. 2006లో, లామినిన్‌లోని ఒక భాగం లేకుండా పుట్టించిన చిట్టెలుకలలో పంటిమొలక చిన్నదిగా ఉండిపోయింది, గుబ్బలు సరిగా రాలేదు.

ఎనామెల్ కథ మరీ విచిత్రం. మొదట దాని మాత్రికలో దాదాపు 90 శాతం అమెలోజెనిన్ అనే మాంసకృత్తే. స్ఫటికాలు పెరిగే దారిని అది తీర్చి, పని ముగిశాక విరిగిపోయి తొలగిపోతుంది. చివరికి బరువులో 96 శాతం ఖనిజమే మిగులుతుంది. ఇల్లు పూర్తయ్యాక సారువ విప్పేసినట్టన్నమాట.

ఇక మూలకణాల మాట. పెద్దవారి పంటి గుజ్జులో అవి ఉన్నాయని 2000లో, పాలపంటిలోనూ ఉన్నాయని 2003లో తేలింది. ఇది నిజమే. గుజ్జుకణాలను ఖనిజపు పొడితో కలిపి చిట్టెలుకల చర్మం కింద ఉంచితే డెంటిన్ వంటిది ఏర్పడింది, కాని నిండు పన్ను రాలేదు. 2007లో జపాను పరిశోధకులు కొల్లాజెన్ జిగురుబొట్టులో రెండు పొరల కణాలనూ పక్కపక్కన పొదిగి పంటిమొలకను తయారుచేశారు. అలాంటి మొలక చిట్టెలుక దవడలో పన్నుగా పైకి వచ్చినట్టు 2009లో ప్రకటించారు. అయితే ఆ కణాలు పిండం నుంచి తీసినవి, పాలపంటివి కావు.

కాబట్టి సీసాలో దాచేది విత్తనం మాత్రమే. దాన్ని పన్నుగా నడిపించే నేలను, ఆ రెండు పొరల సంభాషణను ఏ సీసా దాచలేదు. డబ్బు కట్టే తల్లిదండ్రులు ఈ తేడా తెలుసుకుని కట్టాలి. కట్టలేనివారు బిడ్డకు ఏదో లోటు చేశామని బాధపడనక్కరలేదు. ఇంటికప్పు మీదికి విసిరినా, కొత్త పన్నుకు కావలసిన నేల ఆ బిడ్డ దవడలోనే ఉంది.